యూరోపా మీదివి నెర్రెలా, పగుళ్లా?

బరంపురం నుంచి: మా బడి గోడపత్రికకు గురుగ్రహపు చందమామ యూరోపా మీద వ్యాసం రాస్తున్నాం. ఒడియా ప్రతిలో "ఫాట" అని పెట్టేశారు. తెలుగులో మంచు మీది గీతలకు "నెర్రెలు" అనొచ్చా? రెండు వరసలుగా లేచి నడుమ గాడి ఉన్నవాటిని ఏమనాలి?

పర్లాకిమిడి నుంచి: నెర్రె వద్దు మాస్టారూ. వరి కోసిన మడి ఎండి, మట్టి ముడుచుకుంటే నెర్రె. యూరోపాలో పని చేసేది లాగుడు. దాని కక్ష్య కొంచెం కోలగా ఉంటుంది, ఒక చుట్టుకు 3.55 రోజులు. గురుడికి దగ్గరైనప్పుడు ఎక్కువ సాగుతుంది, దూరమైతే సడలుతుంది. అడుగున సముద్రం ఉంటే ఈ పొంగు 30 మీటర్ల దాకా అని లెక్క. పైన మైనస్ 160 డిగ్రీల చలి. అంత చలిలో మంచు పెళుసు, సాగలేక తెగుతుంది. పగులు అనండి, చాలు.

రాయగడ నుంచి: వంపు తిరిగినవాటిని విల్లుపగుళ్లు అంటే? పగులు పాకుతుండగానే లాగుడు దిక్కు మారుతుంది, అందుకే వంపు. లాగుడు తగ్గితే ఆగి, మరుసటి చుట్టులో అక్కడి నుంచే ఇంకో దిక్కుకు సాగుతుంది, అందుకే మొన. ఒక్కో వంపు సుమారు 100 కిలోమీటర్లు. 1999 నాటి వివరణ ఇది.

పర్లాకిమిడి నుంచి: బాగుంది. రెండు వరసలవి జంటగట్లు. కొన్ని వందల మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి.

బరంపురం నుంచి: గట్టు అంటే మనిషి పోసినట్టు లేదూ?

పర్లాకిమిడి నుంచి: ఏటిగట్టు ఎవరు పోశారండీ? "ఎగదన్నిన మంచు" లాంటి పేర్లే ప్రమాదం, పుట్టుక ఇంకా తేలలేదు. పగులు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా అంచుల్లోకి ముద్దమంచు ఎక్కుతుందని ఒక వాదం. మంచు పొరలో చేరిన నీరు గడ్డకట్టి, 9 శాతం ఉబ్బి పైకి నెడుతుందని ఇంకోటి. గ్రీన్‌లాండ్‌లో ఇలాంటి జంటగట్టునే చూసి 2022లో చెప్పారు.

రాయగడ నుంచి: వెడల్పాటి పట్టీలను పగుళ్లలో కలపకండి. అక్కడ రెండు పక్కలూ విడిపోయి నడుమ కొత్త మంచు చేరింది. ఫొటో ప్రింటులో పట్టీని కత్తిరించి అంచులు దగ్గర చేస్తే, తెగిన పాత గీతలు చాలావరకు కలుస్తాయి. పిల్లల చేత చేయించండి. ఇంకోమాట, ఎండ ఏ వైపు నుంచో బాణం గుర్తు వేయండి. అది లేకపోతే గట్టు గాడిలా కనబడి, పేర్లన్నీ తారుమారవుతాయి.