‘అడవి కాచిన వెన్నెల’: అడవిలో కాసిందా, అడవే కాపలా కాసిందా?

రాత్రిళ్లు మా అమ్మాయికి పిల్లల ఫాంటసీ నవల ఒకటి చదివి వినిపిస్తున్నాను. కథంతా ఒక మాయల అడవిలోనే. దాటబోయే వాళ్లని వాగు పేరు అడుగుతుంది. ఒక ముసలి మర్రి తన తొర్రలో పున్నమి వెన్నెల దాచుకుంటుంది, అమావాస్య నాడు దారి తప్పిన వాళ్ల కోసం దోసెడంత బయటికి వదులుతుంది. ఆ పేజీ దగ్గర నేను ఉండబట్టలేక, “ఎంత అందమో చూడు! ఎవరూ చూడకపోతే అంతా అడవి కాచిన వెన్నెలే కదా” అన్నాను.

“అవును నాన్నా, అడవే కాచింది. ఎవరూ ఎత్తుకుపోకుండా” అంది.

తొమ్మిదేళ్ల పిల్ల. ‘కాచిన’ అంటే కాపలా కాచిన అనుకుంది. ఎవరికీ అక్కరకు రాకుండా పోయిన అందానికో, గుర్తింపు దొరకని ప్రతిభకో మనం వాడే మాట, తన నోట్లో పూర్తిగా తిరగబడింది. తప్పని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. చెప్పాలన్నా, ఏ ఆధారంతో తప్పంటాను? ఇప్పటి రాతలో ‘అడవి కాచిన’ అన్నప్పుడు అడవి కర్త కూడా కావచ్చు కదా. ‘అమ్మ కాచిన పాలు’ లాగా.

కాయడం అనే క్రియ అసలే చాలా పెద్ద సంసారం. ఎండ కాస్తుంది, వెన్నెల కాస్తుంది, చెట్టు కాయలు కాస్తుంది, కుక్క ఇల్లు కాస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ‘విరగకాయడం’. కాయల బరువుకి కొమ్మ విరిగేటంతగా కాసిందని చెట్టు గురించి అంటాం, అదే మాట వెన్నెలకీ అంటాం. వెన్నెలకి కూడా బరువుందన్నట్టు!

పెద్దలు ఎవరైనా వివరిస్తారా?

జవాబు: మీ సందేహానికి ఆధారం ఒక్క అక్షరంలో ఉందండీ. పాత రూపం ‘అడవిఁ గాచిన వెన్నెల’. అడవిన్ + కాచిన. అక్కడ ‘అడవిన్’ అంటే అడవిలో అని. చివరున్న నకారాన్ని ద్రుతం అంటారు, దాని తర్వాత వచ్చే పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కాబట్టి ‘కా’ కాస్తా ‘గా’ అయింది. అడవి కర్త అయితే ఆ నకారం ఉండదు, ‘కా’ అలాగే నిలవొచ్చు. ఇప్పుడు ఆ నకారానికి గుర్తుగా ఉన్న అరసున్న (ఁ) రాయడం మానేశాం, ‘గా’ని మళ్లీ ‘కా’ చేసేశాం. దాంతో రెండు అర్థాలకీ తలుపు తెరుచుకుంది. ఇంకొకటి, వాడుకలో వెన్నెల ‘కాసింది’ అనే అంటాం, జాతీయంలో మాత్రం ‘కాచిన’ అనే పాత రూపం నిలిచిపోయింది. పాపకి కాపలా గుర్తు రావడానికి అదీ ఒక కారణం కావచ్చు. వ్యాకరణం ప్రకారం అమ్మాయి అన్నది కుదరదు. కానీ ఆ మర్రిచెట్టు కథకి మాత్రం ఆ అర్థమే సరిపోయింది.

చాలా సంతోషం అండీ. ‘గా’ అని పలికితే అడవిలో, ‘కా’ అని పలికితే అడవే అని పొద్దున తనకి చెప్పాను. రెండూ పైకి అని చూసుకుంది, నాలుగైదు సార్లు. “అయితే మన పుస్తకంలో ‘కా’నే” అని తేల్చేసింది. రాత్రి మర్రి తొర్ర పేజీ మళ్లీ మొదటి నుంచి చదవమంది. ఈసారి ‘కా’ని నేనూ కాస్త ఒత్తి పలికాను.