తాతయ్య జోడు గొట్టాల తుపాకి: తుప్పు వదిలించి ఇంట్లో పెట్టుకోవచ్చా?

తెనాలి_మనవడు:
మాది తెనాలి దగ్గర పల్లె, ఉండేది విజయవాడలో. తాతయ్య పోయాక పాతిల్లు సర్దుతుంటే అటక మీద తోలు పెట్టెలో ఆయన వేట తుపాకి కనబడింది. 12 బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు. గొట్టాలకు తుప్పు పట్టింది, భుజానికి ఆనించే మడమ కర్ర బీటలిచ్చింది. లైసెన్సు పుస్తకం ఉంది కానీ గడువు ఎప్పుడో దాటింది. కాల్చే ఉద్దేశం లేదు, బాగుచేయించి హాల్లో అద్దాల బీరువాలో పెట్టాలని. ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపుకి కారులో పట్టుకెళ్లి చూపించనా?

బందరు_రోడ్డు:
కారులో పెట్టొద్దు బాబూ! లేత్ షాపు మాట అసలే వద్దు. తుపాకి రిపేరు చేయడానికి కూడా ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే 7 ఏళ్లకు తగ్గని జైలు. పాపం ఆ మేస్త్రీకి ఆ సంగతి తెలియకపోవచ్చు.

పొలం పుట్రా వచ్చినట్టు లైసెన్సు వారసత్వంగా రాదు. ఉన్న మనిషి పోతే సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. ముందు మీ ఊరి స్టేషన్‌కి ఫోన్ చేసి, ఎలా అప్పగించాలో అడగండి. మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం తీసుకెళ్లి, తుపాకి నంబరు రాసిన రసీదు తీసుకోండి. పెట్టెలో పాత తోటాలు (తూటాలు) ఉంటే అవీ చెప్పండి.

కౌజుపిట్ట:
బాగయ్యాక ఓ ఆదివారం కౌజులకి వెళ్దాం అన్నా 😄

బందరు_రోడ్డు:
వన్యప్రాణి చట్టం వేటను నిషేధించాక ఆ ఆదివారాలు పోయాయి తమ్ముడూ.

తెనాలి_మనవడు:
ఇన్నాళ్లూ ఎందుకు దాచారని కేసు పెడతారేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. పెదనాన్నేమో తన పేరున మార్పించుకుంటానంటున్నారు. వందేళ్ల నాటిది కదా, పురాతన వస్తువు కింద వదిలేయరా?

బందరు_రోడ్డు:
మీరే వెళ్లి చెప్పడం వేరు, సోదాలో దొరకడం వేరు. అమ్మగారికి అంత భయంగా ఉంటే వకీలును వెంటబెట్టుకుని వెళ్లండి. ఎన్నికలప్పుడు తాతగారు స్టేషన్‌లో జమ చేసిన రసీదులు ట్రంకు పెట్టెలో ఉంటాయి, వెతకండి. అప్పట్లో సక్రమంగానే ఉందని చెప్పడానికి పనికొస్తాయి.

2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం చట్టబద్ధ వారసులకు లైసెన్సు ఇవ్వడం గురించే. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని కాగితం అడుగుతారు, పోలీసు విచారణ ఉంటుంది. దరఖాస్తు చేసేవాళ్లు ఉండేచోటే పెట్టాలి: గుంటూరు జిల్లా అయితే కలెక్టరుకు, బెజవాడలో పోలీసు కమిషనరుకు. పెదనాన్నగారికి ఇప్పటికే రెండు తుపాకులుంటే మాత్రం కుదరదు, 2019 సవరణ తర్వాత మనిషికి రెండే.

ఇక పురాతనం అంటారా, సెక్షన్ 45 మినహాయింపు రిపేరు చేసినా పేలని వాటికే. తుప్పు చూసి మనం తేల్చేది కాదు, ఆయుధ నిపుణుడు చూసి చెప్పాలి. పేలకుండా గొట్టంలో వెల్డింగు కొట్టిస్తే పోలా అని ఇంకెవరో సలహా ఇస్తారు, వినకండి.

పాత_ఇనుము:
కాగితాలు చేతికొచ్చాక నా మాట వినండి. ఉప్పుకాగితం, యాసిడ్, బఫింగ్ మూడూ నిషేధం. గొట్టాలు విడదీసి అడుగున చదునుగా ఉన్న చోట చూడండి, గొట్టాన్ని పేల్చి పరీక్షించినట్టు కొట్టిన ముద్రలుంటాయి. ఇంగ్లండు తుపాకి అయితే బర్మింగ్‌హామ్‌దో లండన్‌దో కిరీటం గుర్తు. బఫ్ కొట్టిస్తే ముద్రలు అరిగిపోతాయి, వాటితో పాటే తుపాకి చరిత్రా పోతుంది. గొట్టం మీద మెలికల చారలు కనబడితే అది డమాస్కస్, అంటే ఇనుప, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన పాత రకం గొట్టం. ‘నైట్రో ప్రూఫ్’ (ఇప్పటి పొగరాని మందుకు తట్టుకుంటుందని పరీక్షించిన) ముద్ర లేని అలాంటి గొట్టాల్లో ఇప్పటి తోటా పెట్టకూడదు. ముద్ర ఉన్నా లోపల తుప్పు తిన్న గుంటలుంటే నమ్మడానికి లేదు. పైగా పాత వాటిలో చాలావాటికి తోటా గది 2½ అంగుళాలే, ఇప్పటి తోటాలు మామూలుగా 2¾.

పైతుప్పుకు పల్చటి మెషిన్ ఆయిల్ రాసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 0000 నంబరు, అంటే బాగా సన్నని స్టీల్ ఊల్‌తో మెల్లగా తుడిస్తే ఎర్రతుప్పు పోతుంది, కింద గోధుమ రంగు పొర నిలుస్తుంది. అది నిలవాలి. కొత్తదానిలా తళతళ మెరిసే పాత తుపాకి నా కంటికైతే పెళ్లి బ్యాండు వాళ్ల బాకాలా ఉంటుంది. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. కర్రకు మరగబెట్టిన అవిసె నూనె, వేలికొనతో చాలా పల్చగా. బీట మాత్రం లైసెన్సున్న రిపేరు చేసేవాళ్లకే వదిలేయండి.

తోలు పెట్టెలో మళ్లీ పెట్టకండి, తోలు తేమ పీలుస్తుంది. కృష్ణ కాలవల పక్క ఊళ్లలో వానాకాలం చాలు, గొట్టాలు మళ్లీ తుప్పెక్కడానికి. గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె కర్రలోకి దిగదు.

తెనాలి_మనవడు:
పొద్దున స్టేషన్‌కి ఫోన్ చేశాను. పెట్టె కదపొద్దు, కానిస్టేబుల్‌ని పంపిస్తామన్నారు. పెదనాన్న రసీదులు వెతుకుతున్నారు. పాత_ఇనుము గారూ, అవిసె నూనె హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుందా?

పాత_ఇనుము:
రంగుల షాపులో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడగండి. తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. అసలే మన ఎండలు. బయట తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి.