రిజిస్ట్రార్ విభాగం నుంచి క్యూరేటర్ కావాలంటే ఏ దారి మంచిది?

నమస్తే అండీ. ఒక సమకాలీన కళల మ్యూజియంలో, కళాకృతుల రాకపోకలు, రికార్డులు చూసే రిజిస్ట్రార్ విభాగంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. అరువుకొచ్చిన బొమ్మ పెట్టె విప్పగానే టార్చి వెలుగు పక్కనుంచి వేసి, పగుళ్లు, గీతలు, రంగు పెచ్చులూడిన చోట్లు ఒక్కొక్కటీ కండిషన్ రిపోర్టులో రాస్తాను. కాగితం మీద వేసినవైతే వెలుతురు 50 లక్స్ దాటకుండా చూసుకుంటాను. ఈ పనంటే నాకు ప్రాణం. కానీ ఏ బొమ్మ పక్కన ఏది పెట్టాలి, ఎందుకు పెట్టాలి అని నిర్ణయించే చోట, అంటే క్యూరేటర్‌గా, ఉండాలని కోరిక.

పోయిన నెల ఒక ప్రదర్శనలో వీడియో ఇన్‌స్టలేషన్ హోరు పక్క గదిలోకి వచ్చేసి, అక్కడి చిన్న చిన్న పెన్సిల్ డ్రాయింగుల ముందు ఎవరూ నిలబడలేకపోయారు. అమర్చేటప్పుడే గదులు మార్చమని చెప్పాలనిపించింది. చెప్పే హోదా లేక ఊరుకున్నాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

నేను క్యూరేటింగ్‌లో ఎంఏ చేయాలా, కళాచరిత్రలో పీహెచ్‌డీ చేయాలా? లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఇలాంటి కోర్సు 1992లో మొదలైంది. స్విస్ క్యూరేటర్ హరాల్డ్ జేమాన్ లాంటివాళ్లు అంతకు చాలా ముందే పనిలో దిగి నేర్చుకున్నారు. ఆయన 1969లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కున్స్ట్‌హాలె అనే ప్రదర్శనశాలను వదిలేసి, జర్మనీలో కొన్నేళ్లకోసారి జరిగే పెద్ద సమకాలీన కళాప్రదర్శన డాక్యుమెంటాలో ఐదోదాన్ని, డాక్యుమెంటా 5ని, 1972లో చేశాడు. 2002లో డాక్యుమెంటా 11 చేసిన ఒక్వీ ఎన్వేజర్ చదివింది పొలిటికల్ సైన్స్. వాళ్లతో పోల్చుకోవడం లేదండీ, ఇప్పుడు డిగ్రీ లేకపోతే ఇంటర్వ్యూకైనా పిలుస్తారా అన్నదే నా టెన్షన్.

ఆర్టిస్టుల స్టూడియోలకు వెళ్లి, వాళ్ల పని గురించి రాస్తూ, సొంతంగా చిన్న ప్రదర్శనలు చేస్తే అది లెక్కలోకి వస్తుందా? ఇలా మారినవాళ్లెవరైనా ఉంటే, మొదటి ప్రదర్శన మీ చేతికి ఎలా వచ్చిందో కాస్త వివరంగా రాయండి.