అన్నయ్య పంపిన 6 లక్షలకు పన్ను కట్టాలా? నాలుగు గంటలుగా తేలడం లేదు

కొత్తపేట, గుంటూరు:
పన్నుల సంగతి తెలిసినవారు దయచేసి చెప్పండి. ఆఫీసు నుంచి వచ్చినప్పటి నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇంకా భోజనం కూడా చేయలేదు. పోయిన నవంబరులో మా గృహప్రవేశం జరిగింది. అప్పుడు మా అన్నయ్య బెంగళూరు నుంచి నా బ్యాంకు ఖాతాకు 6 లక్షలు పంపాడు. తిరిగి ఇవ్వనక్కరలేదు, ఇంటికి వాడుకో అన్నాడు. 2025-26 రిటర్ను వేద్దామని కూర్చుంటే, అన్నదమ్ముల కానుకకు పన్ను లేదని ఒకచోట, 50 వేలు దాటితే మొత్తం మీద పన్నేనని మరోచోట కనిపిస్తోంది. మా ఆఫీసులో అందరి రిటర్నులూ నింపే ఆయన మాత్రం 62 వేల చిల్లర కట్టాలని ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. అన్న తమ్ముడికి ఇచ్చుకుంటే పన్ను ఏమిటండీ?

లెక్కల పద్దు, విజయవాడ:
అన్న ఇస్తే పన్ను లేదు, ఎంత మొత్తమైనా సరే. ఆదాయపు పన్ను చట్టం, సెక్షన్ 56(2)(ఎక్స్). ఆ కాగితం చించేయండి.

దస్తావేజు లేఖరి, పటమట:
పన్ను లేకపోయినా కాగితం ఉండాలి. ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న అనుభవంతో చెబుతున్నాను. డబ్బుకు రిజిస్ట్రేషను అక్కరలేదు. కానీ ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఎంత, ఏ ఖాతా నుంచి ఇచ్చారో ఒక దానపత్రంలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అదే ఇల్లో స్థలమో అయితే ఉత్తరం చాలదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 123వ సెక్షను ప్రకారం ఇద్దరు సాక్షులతో రిజిస్టరు దస్తావేజు ఉండి తీరాలి. దాత బతికి ఉండగానే పుచ్చుకున్నవారు స్వీకరించాలి. నోటిమాటతో వదిలేసిన పొలాలు అన్నదమ్ములను కోర్టు మెట్లెక్కించడం నా కళ్లతో చూశాను.

గుణదల అమ్మ:
దస్తావేజు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇల్లు పిల్లల పేరున రాసే తల్లిదండ్రులారా, మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు అందులో తప్పక రాయించండి. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఉంది. ఆ షరతుతో రాసి, పిల్లలు మాట తప్పితే ఆ దానాన్ని రద్దు చేయించుకోవచ్చు. మా వీధిలో ఒకావిడ ఆ ఒక్క వాక్యం లేక ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు.

లెక్కల పద్దు, విజయవాడ:
ప్రశ్న ఇంటి గురించి కాదమ్మా.

బ్రాడీపేట 4వ లైను:
కొత్తపేట వారూ, ఒక్క మాట. ఆయన మీ సొంత అన్నయ్యేనా?

కొత్తపేట, గుంటూరు:
మా పెదనాన్న గారి పెద్దబ్బాయి. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిని పెరిగాం. నా ఫీజులు కట్టింది కూడా ఆయనే. అందుకే అన్నయ్య అన్నాను.

లెక్కల పద్దు, విజయవాడ:
ఈ మాట మొదటే చెప్పవలసింది. నా జవాబు వెనక్కి తీసుకుంటున్నాను. పన్ను పరిధిలోకి వస్తుంది.

కొత్తపేట, గుంటూరు:
ఇది అన్యాయం. పెదనాన్న కొడుకు అన్న కాకపోతే ఇంకేమవుతాడు? మన భాషలో ఆయనకు వేరే పేరే లేదే!

దస్తావేజు లేఖరి, పటమట:
భాషలో ఉంది. సహోదరుడు అంటే ఒకే కడుపున పుట్టినవాడు. దస్తావేజుల్లో పెదనాన్న కొడుకును జ్ఞాతి అని రాస్తాం.

బ్రాడీపేట 4వ లైను:
జ్ఞాతి, సహోదరుడు అన్న వాదన ఇక్కడ అక్కరకు రాదు. బంధువు అంటే ఎవరో చట్టమే పట్టిక ఇచ్చింది. భార్య లేదా భర్త, మీ తోబుట్టువులు, మీ భార్య తోబుట్టువులు, మీ అమ్మానాన్నల తోబుట్టువులు, ఇరువైపులా తాతముత్తాతల నుంచి మనవల దాకా నేరు వంశం, వీరందరి జీవిత భాగస్వాములు. ఇంతే. పెదనాన్న ఉన్నారు, ఆయన కొడుకు లేడు. మేనమామ ఉన్నాడు, మేనమామ కొడుకు లేడు.

చాలామంది పొరబడే చోటు మరొకటి ఉంది. బంధుత్వాన్ని పుచ్చుకునేవారి వైపు నుంచి చూడాలి. మేనమామ మేనల్లుడికి పది లక్షలిస్తే పన్ను లేదు. అదే మేనల్లుడు ముసలి మేనమామకు పది లక్షలిస్తే పన్నుంది, ఎందుకంటే ఆయన పట్టికలో మేనల్లుడు లేడు. నన్నడిగితే ఇది సరిచేయవలసిన లోపం. మన ఇళ్లలో పెద్దలను ఆదుకునేది చాలాసార్లు మేనల్లుళ్లే.

పట్టికలో లేనివారి నుంచి ఏడాదిలో వచ్చిన డబ్బంతా కలిపి 50 వేలు దాటితే, దాటిన భాగం మీద కాదు, మొత్తం మీద పన్ను.

గాంధీనగర్, విజయవాడ:
శుభకార్యంలో వచ్చిన చదివింపులకు పన్ను లేదు కదా? గృహప్రవేశం కూడా శుభకార్యమే.

లెక్కల పద్దు, విజయవాడ:
పెళ్లికి మాత్రమే. అదీ వధూవరులకు వచ్చినవాటికే. గృహప్రవేశం, పుట్టినరోజు, ఓణీల వేడుక, ఏవీ లేవు. పెళ్లిలో అయినా ఒక్కరి నుంచి నగదుగా 2 లక్షలు, అంతకు మించి తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు.

గాంధీనగర్, విజయవాడ:
పెదనాన్న ఇచ్చినట్టు కాగితం రాసుకుంటే సరిపోతుంది కదా? పెదనాన్న పట్టికలో ఉన్నారు.

దస్తావేజు లేఖరి, పటమట:
అలాంటి కాగితం నేను రాయను, ఎవరితోనూ రాయించకండి. డబ్బు కొడుకు ఖాతా నుంచి వచ్చినట్టు బ్యాంకు చెబుతుంటే పెదనాన్న ఇచ్చారని రాయడం అబద్ధం.

సత్యనారాయణపురం:
1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే పోయింది కదండీ. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చింది. మీరు పాత సెక్షన్లు చెబుతున్నారు.

లెక్కల పద్దు, విజయవాడ:
డబ్బు వచ్చింది 2025 నవంబరులో. ఆ ఏడాదికి 1961 చట్టమే.

సత్యనారాయణపురం:
అసెస్‌మెంటు సంవత్సరం (ఆదాయం వచ్చిన మరుసటి ఏడాది, పన్ను లెక్కకట్టేది) అనే మాట కూడా ఇప్పుడు లేదు, పన్ను సంవత్సరం అంటున్నారు.

లెక్కల పద్దు, విజయవాడ:
ఈ రిటర్నుకు ఉంది.

బ్రాడీపేట 4వ లైను:
కొత్తపేట వారూ, దిగులుపడకండి. పరిధిలోకి రావడం వేరు, పన్ను కట్టవలసి రావడం వేరు. మీ జీతమెంత? పన్ను లెక్క మినహాయింపులు ఎక్కువుండే పాత విధానమా, రేట్లు తక్కువుండే కొత్త విధానమా?

కొత్తపేట, గుంటూరు:
నెలకు 45 వేలు, మరే ఆదాయమూ లేదు. గృహరుణం ఉంది కదా అని ఆఫీసులో ఆయన పాత విధానంలోనే వేశాడు. వడ్డీ 2 లక్షలు, బీమా, పీఎఫ్ కలిపి లక్షన్నర చూపించాడు.

బ్రాడీపేట 4వ లైను:
ఆ 62 వేలు అక్కడి నుంచి వచ్చింది. కొత్త విధానంలో వేసి చూద్దాం. జీతం 5,40,000, కానుక 6,00,000, మొత్తం 11,40,000. జీతం మీద ప్రామాణిక తగ్గింపు 75,000 పోతే 10,65,000. 2025-26కు కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది. కానుక మామూలు శ్లాబు రేట్లకే, అంటే ఆదాయం మెట్లను బట్టి పెరిగే రేట్లకే, లోబడుతుంది కనుక ఆ రిబేటు దీనికీ వర్తిస్తుంది. కట్టవలసిన పన్ను సున్నా. గృహరుణం వడ్డీ చూపించే అవకాశం పోతుంది, కానీ ఈ ఏడాదికి అది మీకు అక్కరే లేదు. ఆ 6 లక్షలను ఇతర ఆదాయం కింద తప్పక చూపించండి, దాచకండి. గడువులోగా దాఖలు చేయండి.

లెక్కల పద్దు, విజయవాడ:
లెక్క సరిగానే ఉంది.

కొత్తపేట, గుంటూరు:
విధానం మార్చి చూశాను, సున్నా వచ్చింది. అందరికీ ధన్యవాదాలు. భోజనానికి వెళ్తున్నాను.

దస్తావేజు లేఖరి, పటమట:
అయినా ఆ దానపత్రం రాసి పెట్టుకోండి.

గుణదల అమ్మ:
ఇదంతా చదివాక నాకు భయం పట్టుకుంది. మా చెల్లెలి కొడుకు హైదరాబాదు నుంచి నా మందులకని నెలనెలా 5 వేలు పంపుతాడు. ఏడాదికి 60 వేలు. పెద్దమ్మా అని పిలుస్తాడు, నాకు కొడుకే. నా పట్టికలో వాడు లేనట్టేనా?

బ్రాడీపేట 4వ లైను:
లేడమ్మా. మీకు పింఛనో అద్దెలో వేరే ఏమైనా వస్తుందా?