‘మనం గెలిస్తే’ అనాలా, ‘మేం గెలిస్తే’ అనాలా?

అరసున్న:
అందరికీ నమస్కారం. ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను, సాయం పట్టండి.

వలసల మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో ఫుట్‌బాల్ ఆటగాడు మెసుత్ ఓజిల్ మాట వస్తుంది. ఓజిల్ పుట్టింది జర్మనీలోనే, గెల్సెన్‌కిర్షెన్‌లో. కుటుంబం టర్కీ నుంచి వచ్చింది. 2014లో ప్రపంచ కప్పు గెలిచిన జర్మనీ జట్టులో ఉన్నాడు. 2018లో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్‌తో ఫొటో దిగాడని పెద్ద గొడవైంది. ఆ వెంటనే జరిగిన ప్రపంచ కప్పులో జర్మనీ మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది. ఆ జూలైలో ఓజిల్ జాతీయ జట్టు నుంచి తప్పుకుంటూ ఇంగ్లీషులో ఒక ప్రకటన పెట్టాడు. జర్మనీ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడి దృష్టిలో, ఆయన్ని సమర్థించేవాళ్ల దృష్టిలో తన స్థానం ఏమిటో అందులో చెప్పాడు: గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడిపోతే వలసదారుణ్ణి.

ఇప్పుడు నేను రాసింది దొంగ అనువాదం. ఇంగ్లీషులో ‘వుయ్’ అని రెండుసార్లు ఉంది, రెండుసార్లూ మింగేశాను. ఎందుకంటే తెలుగులో ఆ మాటకి రెండున్నాయి, మనం, మేము. ఏది వేసినా ఇంగ్లీషులో లేనిదేదో చెప్పినట్టవుతోంది. మీరైతే ఏం వేస్తారు?

బండి ర:
మింగడం తప్పేం కాదు. తెలుగులో కర్తని వదిలేసినా క్రియ పట్టుకుంటుంది. ‘గెలిచాం’ అంటే చాలు. అది మనమా మేమా అన్నది ఆ ‘-చాం’ చెప్పదు, రెండింటికీ ఒకటే రూపం. మీకు కావాల్సింది సరిగ్గా అదే కదా, చెప్పకుండా చెప్పడం. అయితే మీరు వాడింది ‘గెలిస్తే’. అందులో ఎవరన్నదే ఉండదు. ‘గెలిస్తే నేను జర్మన్‌ని’ అంటే ‘నేను గెలిస్తే’ అని చదువుకుంటారు. ఏదో పరుగు పందెంలా ఉంటుంది. ‘గెలిచామంటే నేను జర్మన్‌ని, ఓడామంటే వలసదారుణ్ణి’ అని చూడండి.

వట్రసుడి:
బండి ర గారి వాక్యం చదవడానికి బాగుంది గానీ ఇంత తంటా ఎందుకు? మాట్లాడుతున్నది ఆటగాడు, ‘వుయ్’ అంటే జట్టు. చదివేవాళ్లు జట్టులో లేరు. వినేవాణ్ణి కలుపుకోకపోతే మేము. చిన్నప్పుడు నేర్చుకున్నదే. ‘మేం గెలిస్తే’ అని రాసేసి ముందుకెళ్లండి.

నకారప్పొల్లు:
వద్దండీ, అక్కడ ‘మేం’ వేస్తే కొంప మునుగుతుంది. ‘మేం గెలిస్తే నేను జర్మన్‌ని’ అని చదివినవాడు ఆ మేం ఎవరనుకుంటాడు? వాక్యం చివర వలసదారు అని ఉంది కాబట్టి ‘మేం వలసవాళ్లం’ అనుకునే ప్రమాదం ఉంది. మేం అనగానే అవతల ఒక మీరు లేచి నిలబడుతుంది. అతను ఆ ప్రకటన రాసిందే అవతలివాణ్ణి కాదని చెప్పుకోవడానికి. అతని నోట్లో మేం పెడితే అతని మీద కోపంగా ఉన్నవాళ్ల పని మనమే చేసిపెట్టినట్టు.

బండి ర:
ఈ ముచ్చట మన రాజ్యాంగ పీఠికలోనూ ఉంది, గమనించారా? ‘భారత ప్రజలమైన మేము’ అంటాం. దేశంలో ప్రతివాడూ కలిసి చెబుతున్న మాట, చదివేవాడు కూడా అందులోవాడే, అయినా మేము. తమిళం చూడండి, ‘ఇందియ మక్కళాగియ నామ్’. నామ్ అంటే మన మనం. వాళ్లకి మేముకి ‘నాంగళ్’ వేరే ఉంది, దాన్ని తీసుకోలేదు. మలయాళంలోనూ నాం. మరాఠీలో మాత్రం ‘ఆమ్హీ’, గుజరాతీలో ‘అమే’, రెండూ మేమే. ఆ రెండింటిలోనూ మనంకి వేరే మాటలున్నాయి, ఆపణ్, ఆపణే. కన్నడం వాళ్లకి ఈ టెన్షన్ లేదు, ఇవాళ్టి కన్నడంలో ‘నావు’ ఒక్కటే. ఒకే వాక్యం, ఒకే దేశం, ఎవరికి తోచినట్టు వాళ్లు తలుపు తీసుకున్నారు.

వట్రసుడి:
అంటే తెలుగువాళ్లం తలుపు వేశామనా మీ ఉద్దేశం?

బండి ర:
అనడం లేదు. పీఠిక లోకానికి వినిపించే ప్రకటన. వినేది బయటివాళ్లు అనుకుంటే మేమే సరి. ఇండొనేషియా వాళ్ల భాషలోనూ మనలాగే రెండున్నాయి, కలుపుకునే ‘కితా’, కలుపుకోని ‘కామీ’. 1945లో స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు ‘ఇండొనేషియా జాతి అయిన కామీ’ అని మొదలుపెట్టారు. ప్రపంచానికి చెబుతున్నారు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. మనం, మేము అనేవి ఎవరు లోపలున్నారో చెప్పే మాటలు కావు. ఎవరు వింటున్నారో చెప్పే మాటలు. ఈ రెండింటికీ తేడా ఉంది.

అరసున్న:
బండి ర గారూ, ఆ చివరి ముక్క దగ్గర నా బుర్రలో ఏదో కదిలింది. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మొన్నటిదాకా నేను మనం అంటే మంచిది, మేము అంటే గీత గీసేది అనుకున్నాను. భాషాభిమానులం అలాగే గొప్ప చెప్పుకుంటాం కూడా, మాకు అందరినీ కలుపుకునే సర్వనామం ఉంది చూడండి అని. (ఆ చెప్పుకోవడంలోనూ ‘మాకు’ అంటాం, అది వేరే సంగతి.) కానీ మనం కలుపుకునేది వినేవాణ్ణి మాత్రమే. ఎదురుగా ఉన్నవాణ్ణి కలుపుకుంటుంది, లేనివాణ్ణి వదిలేస్తుంది. మేము అలా కాదు. ఎవరిని బయట పెట్టిందో వాడి మొహం మీదే చెబుతుంది, వాడు జవాబివ్వొచ్చు, పోట్లాడొచ్చు. మనం బయట పెట్టినవాడికి ఆ సంగతే తెలియదు. వాడు గదిలో లేడు.

వలసల మీద జరిగే మాటల్లో వలస వచ్చినవాడు ఎప్పుడూ గదిలో లేనివాడే. ‘వీళ్లందరినీ మనం ఏం చేద్దాం?’ అని అడుగుతారు. ఆ ‘చేద్దాం’ చూడండి. ‘-దాం’ మనంకే అతుకుతుంది, ‘మేం చేద్దాం’ అంటే తెలుగు కాదు. ఎంత స్నేహంగా ఉంది ఆ వాక్యం, వినేవాణ్ణి భుజం మీద చెయ్యేసి పిలుస్తోంది. ఎవరి గురించో ఆ చెయ్యి మాత్రం వాళ్ల మీద లేదు. ‘మనవాడేనా?’ అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. అందులో ఉన్నది మన, అడిగేది మాత్రం గేటు దగ్గర నిలబడి.

కాబట్టి ఓజిల్ వాక్యంలో మనం వేస్తే ప్రేమగా ఉంటుందని వేయడం లేదు. గెలిచిన రాత్రి వీధిలో అభిమానులు ఒకరితో ఒకరు అనుకునే మాట ‘మనం గెలిచాం’. ఆడింది పదకొండు మంది, గెలిచింది మాత్రం మనం. ఆ ఒక్క రాత్రికి ఓజిల్ కూడా ఆ మనంలో ఉన్నాడు. ఓడిన రాత్రి అభిమానులు మళ్లీ మాట్లాడుకుంటారు. ఈసారి అతను వినేవాడు కాడు, మాట్లాడుకునే విషయం.

నకారప్పొల్లు:
బెల్జియం ఆటగాడు రొమెలు లుకాకు కూడా ఆ 2018లోనే ఇంచుమించు ఇదే చెప్పాడు. బాగా ఆడినప్పుడు పేపర్లో ‘బెల్జియం స్ట్రైకర్ లుకాకు’ అని ఉంటుందట, సరిగ్గా ఆడనప్పుడు ‘కాంగో మూలాలున్న బెల్జియం స్ట్రైకర్ లుకాకు’ అని. అతను సర్వనామం జోలికి పోకుండా విశేషణంతో చెప్పాడు. తెలుగు చేయడం తేలిక.

‘-దాం’ గురించి ఒక చిన్న సవరణ. ‘మేం రేపు బయల్దేరదామనుకుంటున్నాం’ అంటాం కదా. అక్కడ మేముతో ‘-దాం’ వచ్చింది.

అరసున్న:
వచ్చింది, కానీ ఆ ‘బయల్దేరదాం’ లోపల ఇంకో సంభాషణ ఉంది. వాళ్లలో వాళ్లు ‘(మనం) బయల్దేరదాం’ అనుకున్నారు, బయటికొచ్చి మనతో ‘మేం’ అంటున్నారు. ప్రతి మేము లోపలా మనకి వినపడని ఒక మనం ఉంటుందని మీ ఉదాహరణ వల్లే తెలిసింది. థాంక్స్.

వట్రసుడి:
సర్వనామం సంగతి సరే, ఒప్పుకున్నాను. వాక్యం చివరి మాట ఎవరూ పట్టించుకోలేదు. వలసదారు ఏమిటండీ, సర్కారు ఫారంలా? ‘వలస వచ్చినవాణ్ణి’ అంటే హాయిగా ఉంటుంది.

నకారప్పొల్లు:
హాయిగా ఉంటుంది గానీ అబద్ధం అవుతుంది. అతను ఎక్కణ్ణుంచీ రాలేదు, అక్కడే పుట్టాడు. ‘వచ్చినవాడు’ అంటే వచ్చి ఉండాలి.

ఇలాంటి చిక్కే డచ్చివాళ్లకి వచ్చింది. 1971లో ఒక నివేదికతో ‘అలొఖ్తోన్’ అనే మాట అక్కడ వాడుకలోకి వచ్చింది, గ్రీకు ముక్కలతో కట్టినది, వేరే నేలవాడు అని అర్థం. వలసవాడు అనే మాట కన్నా మర్యాదగా ఉంటుందని తెచ్చారు. తర్వాత గణాంకాల లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు విదేశంలో పుట్టినా బిడ్డ అలొఖ్తోనే అయ్యాడు, తను నెదర్లాండ్స్ దాటి ఎన్నడూ కాలు పెట్టకపోయినా సరే. ఆ లెక్కన యువరాణి అమాలియా కూడా అలొఖ్తోనే, వాళ్లమ్మ మాక్సిమా అర్జెంటీనాలో పుట్టింది. కానీ వీధిలో ఆ మాట ఎవరి గురించి అనేవారో యువరాణి గురించి మాత్రం కాదు. 2016లో ప్రభుత్వం, గణాంక శాఖ ఆ మాటని వదిలేశాయి.

బండి ర:
అలాగైతే వలసదారే సరైనది, అందులో ఉన్న వెటకారం కోసమైనా. ఆ ‘-దారు’ పారసీ నుంచి వచ్చింది, కలిగి ఉన్నవాడు అని. జమీందారు, వాటాదారు, కౌలుదారు. వలసదారు అంటే అక్షరాలా వలస కలిగి ఉన్నవాడు. వాటా తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టు వలస కూడా వస్తుందన్నమాట. ఓజిల్‌కి జరిగింది అదే.

వలస అనే మాట కూడా చిత్రమైనదే. వలస పాలకులు, వలస కూలీలు. ఓడల్లో వచ్చి నెత్తినెక్కి ఏలినవాడికీ, మూట నెత్తిన పెట్టుకుని వెళ్లినవాడికీ మనం ఇచ్చింది ఒకే మాట. వలస పక్షులకి కూడా అదే. పక్షులు తిరిగి వెళ్లిపోతాయి గనక వాటితో ఎవరికీ గొడవ లేదు.

అరసున్న:
ఆ ‘తిరిగి వెళ్లిపోవడం’ మీదే జర్మనీలో పెద్ద కథ నడిచింది. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీలకి మనుషులు చాలక 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని పనివాళ్లని రప్పించుకున్నారు. 1973లో ఆపేశారు. వాళ్లని ‘గాస్ట్‌అర్బైటర్’ అన్నారు, అతిథి కార్మికులు. ఎంత గౌరవం! కానీ అతిథికి మనుస్మృతి చెప్పే లెక్క ఒక్క రాత్రి. అతిథి అన్నామంటే వెళ్లే రోజు కూడా చెప్పేసినట్టే. మనం ‘మీ ఇల్లే అనుకోండి’ అంటాం చూడండి, అందులో బరువంతా ఆ ‘అనుకోండి’ మీదే ఉంది. పనికొచ్చినవాళ్లు పెళ్లాం పిల్లల్ని తెచ్చుకుని అక్కడే ఉండిపోయారు, మాట మాత్రం చాలాకాలం అతిథే.

వట్రసుడి:
కాందిశీకుడు అని పాత పేపర్లలో ఉండేది. అదేమైంది?

బండి ర:
అది ప్రాణభయంతో పారిపోయినవాడికి. అమరకోశంలో ‘కాందిశీకో భయద్రుతః’ అని ఉంది. ‘కాం దిశం’, ఏ దిక్కుకి పోను అనుకుంటూ పరిగెత్తేవాడు. మాటలోనే వాడి ప్రశ్న ఉంది. ఇప్పుడు శరణార్థి అంటున్నాం, అందులో ఉన్నది వాడి దరఖాస్తు. నాకు పాతదే నచ్చుతుంది, కానీ ఓజిల్‌కి రెండూ పనికిరావు.

నకారప్పొల్లు:
ఎలాగూ దారి తప్పాం కాబట్టి ఇంకొకటి. ఆస్ట్రేలియా 1901 చట్టంలో వచ్చినవాళ్లకి డిక్టేషన్ పరీక్ష ఉండేది, ఏదైనా యూరోపియన్ భాషలో యాభై మాటలు. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. వద్దనుకున్నవాడికి రాని భాష ఇచ్చేవారు. 1934లో ఎగోన్ కిష్ అనే రచయితకి చాలా భాషలొచ్చని స్కాట్లాండ్ గేలిక్‌లో పెట్టారు. కేసు హైకోర్టుకెళ్తే అసలు అది ఆ చట్టం చెప్పే యూరోపియన్ భాష కిందికే రాదని కొట్టేశారు. భాషాభిమానులం కదా, భాషతో ఇలాంటి పనులు కూడా చేయొచ్చని గుర్తుంచుకోవాలి.

అరసున్న:
దీనికి విడిగా పోస్టు పెట్టండి ప్లీజ్, ఇక్కడ కొట్టుకుపోతుంది.

నా వాక్యం తేలింది. ‘మనం గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడిపోతే వలసదారుణ్ణి.’ మొదటి సగంలో మనం ఉంచాను, రెండో సగంలో తీసేశాను. ఓడినప్పుడు మనం అనేవాళ్లు ఎలాగూ తక్కువ. మూలంలో రెండుసార్లు ఉందని ఎవరైనా అడిగితే మీ అందరి పేర్లూ చెబుతాను. ఇవాళ రాత్రి పంపేస్తున్నాను.

అరసున్న (నాలుగు రోజుల తర్వాత):
ప్రూఫు వచ్చింది. నా ‘మనం’ కొట్టేసి ‘వాళ్లు’ అని పెట్టారు. ‘వాళ్లు గెలిస్తే నేను జర్మన్‌ని’ అట. ఫోన్ చేసి ఎందుకు మార్చారని అడిగాను. ఎడిటర్ చాలా మర్యాదగా, “మనం జర్మనీవాళ్లం కాదు కదండీ” అన్నారు.