జడ్జి కేసు నుంచి తప్పుకుంటే కారణం చెప్పాలా, అక్కర్లేదా?

హైకోర్టు వరండా:
మన హైకోర్టులో కేసు నడిపినవాళ్లకు 'నాట్ బిఫోర్ మీ' అనే మాట పరిచయమే. ఆ మాట అని జడ్జి ఫైలు పక్కన పెడితే, అది చీఫ్ జస్టిస్ దగ్గరికి వెళ్లి కొత్త బెంచ్ వచ్చేదాకా కక్షిదారు ఎదురుచూడాలి. ఎందుకు తప్పుకున్నారో మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. తప్పుకున్నా, తప్పుకోనన్నా జడ్జి ఆర్డర్‌లో రెండు లైన్ల కారణం రాసి తీరాలన్నది నా వాదన.

2021 ఆగస్టులో కృష్ణా జలాల మీద తెలంగాణపై ఆంధ్రప్రదేశ్ వేసిన కేసు అప్పటి సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ రమణ గారి ముందుకు వచ్చింది. తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్ణని, మధ్యవర్తిత్వంతో తేల్చుకోండని ఆయన సూచించారు. ఆంధ్ర విచారణే కావాలంది, ఆయన వేరే బెంచ్‌కి పంపేశారు. అందరి ముందూ చెప్పారు కాబట్టి గుసగుసలకు చోటే లేదు. అదే 2019లో హక్కుల కార్యకర్త గౌతమ్ నవలఖా పిటిషన్ నుంచి సుప్రీంకోర్టు జడ్జీలు ఐదుగురు వరసగా తప్పుకున్నారు, ఒక్కరూ కారణం చెప్పలేదు. ఆ మౌనం నిండా అనుమానాలే మిగిలాయి. 2015లో జడ్జీలను ఎంపిక చేసే న్యాయ నియామకాల కమిషన్ కేసులో జస్టిస్ కురియన్ జోసెఫ్ కారణం చెప్పడం జడ్జి బాధ్యత అని రాశారు. అది ఇంకా ఆచారంగా మారలేదు.

పాతబస్తీ ప్లీడరు:
కారణం రాస్తే ఆ కారణం మీదే ఇంకో గొడవ మొదలవుతుంది సార్. మీ కృష్ణా కేసే తీసుకోండి. 2022 జనవరిలో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న తప్పుకున్నారు, ఒకరిది మహారాష్ట్ర, ఒకరిది కర్ణాటక అని. పుట్టిన రాష్ట్రమే అడ్డమైతే ఈ నది కేసుల్లో నాలుగు రాష్ట్రాల జడ్జీలూ పక్కకు పోవాల్సిందేనా? ఇంకో ప్రమాదం, నచ్చని జడ్జిని తప్పించుకునే ఆట. రేవంత్ రెడ్డి గారి మీది కేసును మన హైకోర్టు కొట్టేస్తే, పిటిషనర్ ఆ జడ్జి మీద ఆరోపణలు గుప్పిస్తూ కేసును వేరే చోటికి మార్చమన్నారు. 2025లో సుప్రీంకోర్టు ఆయనకూ ఆయన లాయర్లకూ కోర్టు ధిక్కార నోటీసులిచ్చి, ఆ జడ్జికి క్షమాపణ చెప్పమంది. తలుపు ఇంకా బార్లా తీయడం దేనికి?

హైకోర్టు వరండా:
మీ రెండో మాట నిజమే, అది నన్నూ బాధపెడుతుంది. అందుకే ఆరోపణకు జవాబు కూడా రాతలో ఉండాలంటున్నాను. 1987 నాటి రంజిత్ ఠాకూర్ తీర్పు గుర్తుందా? ఒక జవాను తన పై అధికారి మీద ఫిర్యాదు చేశాడు, అదే అధికారి అతన్ని విచారించే సైనిక కోర్టులో, అంటే కోర్టు మార్షల్‌లో కూర్చున్నాడు. జడ్జి తన మనసును తాను చూసుకుని 'నాకు పక్షపాతం ఉందా' అనుకుంటే సరిపోదు, ఎదుట నిలబడ్డవాడికి సహేతుకమైన భయం ఉందా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ భయం సహేతుకం కాకపోతే ఎందుకు కాదో రాయండి, ఆటలాడేవాడి నోరు అక్కడే మూతపడుతుంది.

ఉప్పల్ వాసి:
నేను లాయర్ని కాను. అమరావతి రాజధాని కేసు విన్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బెంచ్‌లో ఇద్దరు జడ్జీలకు అక్కడ ప్లాట్లున్నాయి, వాళ్లు తప్పుకోవాలని 2021 నవంబరులో ఆంధ్ర ప్రభుత్వం అడిగింది. బెంచ్ కాదంది. అది తప్పో ఒప్పో నేను చెప్పలేను. కానీ తన మీద అభ్యంతరాన్ని తానున్న బెంచే తేలిస్తే మాలాంటివాళ్లకు ఎలా నమ్మకం కలుగుతుంది? కేసీఆర్ హయాంలోని విద్యుత్ ఒప్పందాల మీద వేసిన మన విచారణ కమిషన్ చూడండి. విచారణ ముగియకముందే దాన్ని నడుపుతున్న జస్టిస్ నరసింహారెడ్డి ప్రెస్ మీట్ పెట్టారని కేసీఆర్ అభ్యంతరం చెబితే ఇక్కడి హైకోర్టు కొట్టేసింది. 2024 జులైలో సుప్రీంకోర్టు మాత్రం ఆయన స్థానంలో మరొకరిని పెట్టమంది, జస్టిస్ లోకూర్ వచ్చారు. కమిషన్ అంటే కోర్టు కాదు, ఒప్పుకుంటాను. బయటివాళ్లు చూశాకే తేలిందన్నదే నాకు ముఖ్యం.

పాతబస్తీ ప్లీడరు:
ప్రతి అభ్యంతరానికీ ఇంకో బెంచ్ అంటే అసలు కేసు ఎప్పుడు నడుస్తుందండీ?

హైకోర్టు వరండా:
కింది కోర్టుల్లో నడుస్తూనే ఉంది కదా. సిటీ సివిల్ కోర్టు జడ్జి మీద నమ్మకం లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేస్తాం, పై కోర్టు తేలుస్తుంది. ఆ జడ్జి తన గురించి తానే నిర్ణయించుకోడు. హైకోర్టు గడప ఎక్కగానే ఆ పద్ధతి ఎందుకు మాయమవుతుందో మీరే చెప్పండి.