జనరేటర్‌కి చేంజోవర్ అక్కర్లేదు అంటున్నాడు మా ఎలక్ట్రీషియన్, నమ్మొచ్చా?

కవిటి కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది కవిటి దగ్గర పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినపుడు మా వీధికి కరెంటు రావడానికి పన్నెండు రోజులు పట్టింది, స్తంభాలూ కొబ్బరిచెట్లూ కలిసి రోడ్డు మీదే పడున్నాయి, ఫోను ఛార్జింగుకి ట్రాక్టరు బ్యాటరీ దగ్గర లైను కట్టాం. అప్పుడంటే ఎలాగో గడిచిపోయింది గానీ ఇప్పుడు నాన్నకి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాల్లోంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు మెషీన్) పెట్టారు, ఇన్వర్టరు మూడు గంటలు లాగితే ఎక్కువ. అందుకని 3 కేవీఏ పెట్రోల్ జనరేటర్ కొన్నాను. మా ఊరి ఎలక్ట్రీషియన్ (ఫ్యాన్లు మోటార్లు బాగానే చేస్తాడు) ఏటంటున్నాడంటే, వైరుకి రెండు పక్కలా ప్లగ్గులు పెట్టి ఇస్తాను, ఒకటి జనరేటర్‌కి ఒకటి గోడ సాకెట్లో గుచ్చి మెయిన్ ఆఫ్ చేసుకో, ఇల్లంతా వెలుగుద్ది, చేంజోవర్ (ఇంటిని లైనుకో జనరేటర్‌కో ఏదో ఒక్కదానికే కలిపే స్విచ్చు) దండగ అని. వాన తగలకుండా వరండాలో పెడదాం అనుకుంటున్నా. ఏటి చెయ్యమంటారు?

రిటైర్డ్ లైన్‌మన్, శ్రీకాకుళం:
బాబూ ఆ వైరు మాత్రం చేయించుకోకు. అర్ధరాత్రి గాలీ వానలో నువ్వో మీ ఇంట్లోవాళ్ళో మెయిన్ దించడం మర్చిపోయారే అనుకో, ఆ 230 వోల్టులు మీటరు దాటి సర్వీసు వైరు మీంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురెళ్తాయి. దానికి ఏ పక్క నుంచి వచ్చిందో తెలీదు కదా, 11 వేల వోల్టులు చేసి లైను మీదకి తోసేస్తది. మామూలప్పుడైతే ఊరందరి లోడూ పడి నీ జనరేటర్ మూలిగి ఆగిపోద్ది. తుఫాను తర్వాత లైను ఎక్కడికక్కడ తెగి ఉంటది, లోడు ఉండదు, అందుకే అప్పుడే చంపుద్ది. మేం ఎల్సీ (లైను ఆపామని ఇచ్చే అనుమతి) తీసుకుని, సబ్‌స్టేషన్లో ఆఫ్ చేశారని నమ్మి స్తంభం ఎక్కుతాం. డిశ్చార్జ్ రాడ్ (లైనుని ఎర్త్‌కి కలిపే కడ్డీ) వెయ్యమని రూలుంది, వేస్తాం, కానీ వరసగా నలభై స్తంభాలు పడిపోయిన రోజు మనిషికి ఎంత ఓపికుంటది చెప్పు. ఇంకోటి, సాకెట్లోంచి ప్లగ్గు ఊడితే బయటికున్న పిన్నుల్లోనే కరెంటుంటది, ఇంట్లో పిల్లలుంటే మరీను.

పలాస జీడి:
పెద్దాయన ఊరికే భయపెడుతున్నారు. మా పక్కింట్లో ఆరేళ్ళ నుంచి అలాగే వాడుతున్నారు, ఏమీ అవ్వలేదు.

రిటైర్డ్ లైన్‌మన్, శ్రీకాకుళం:
అయితే స్తంభం ఎక్కినోడికి అవుద్ది బాబూ, మీ పక్కింటోడికి కాదు.

విజయనగరం వైరింగ్:
నేను పర్మిట్ ఉన్న వైర్‌మన్‌ని, ఇది రోజూ చేసే పనే. మీటరు తర్వాత మెయిన్ దగ్గర డబుల్ పోల్ చేంజోవర్ వేయించు, ఫేజూ న్యూట్రలూ రెండూ మారాలి, ఒక్క ఫేజే మార్చి న్యూట్రల్ వదిలేసేవాళ్ళున్నారు, ఒప్పుకోకు. త్రీఫేజ్ ఇల్లయితే ఫోర్ పోల్. 3 కేవీఏ అంటే సుమారు 13 ఆంప్స్, జనరేటర్ నుంచి బోర్డుకి 4 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి కేబుల్ లాగించు. తర్వాత ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, చిన్న పెట్రోల్ జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ దేనికీ కలిపి ఉండదు, అలాగే వదిలేస్తే మీ 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) షాక్ కొట్టినా పడకపోవచ్చు. న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపాలా, ఎక్కడ కలపాలి అనేది మీ మోడల్ బుక్కు చూసి తేల్చాలి, అది తెలిసినోడే చెయ్యాలి. మోటారు సంగతి, ఒక హెచ్‌పీది నడిచేటపుడు ఆరేడు ఆంప్సే గానీ స్టార్టింగులో దానికి నాలుగైదు రెట్లు లాగుద్ది, నాన్నగారి మెషీన్ నడుస్తుండగా మోటారు వెయ్యొద్దు.
పనోడిని ఎలా చూసుకోవాలంటే, వైర్‌మన్ పర్మిట్ చూపించమను, కాంట్రాక్టరు లైసెన్సు ఉన్నోడి ద్వారా అయితే ఇంకా మంచిది. డబ్బులిచ్చే ముందు కరెంటు పోయిన టైంలో జనరేటర్ ఆన్ చేయించి, చేంజోవర్ మెయిన్ పక్క టెర్మినల్స్ మీద నీ ఎదురుగానే మీటర్ పెట్టించు. సున్నా చూపించాలి.

బొబ్బిలి మాస్టారు:
వరండా మాట ఎవరూ ఎత్తలేదేంటి! 2014లో హుద్‌హుద్ అప్పుడు మేమూ అదే తెలివి చూపించాం. తలుపులేసుకుని పడుకున్నాం, తెల్లారగట్ల మా ఆవిడకి తలనొప్పి, వాంతులు, తిన్నది పడక అజీర్తేమో అనుకున్నా, నాకూ తల తిరిగాక గానీ వెలగలేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదండీ. ఆరుబయట, కిటికీలకి దూరంగా, పైన రేకు వేసి నాలుగు పక్కలా ఖాళీ ఉంచండి. మీ నాన్నగారికి ఊపిరితిత్తుల బాధ కాబట్టి మీరింకా జాగ్రత్త పడాలి. పెట్రోలు కూడా ఇంజను ఆపి చల్లారాకే పొయ్యండి.

కవిటి కుర్రోడు:
పర్మిట్ ఉందా అనడిగితే "నీకు నా మీద నమ్మకం లేదేటి" అని అలిగి ఎల్లిపోయాడు. ఇచ్ఛాపురం నుంచి ఇంకొకాయన ఆదివారం వస్తానన్నాడు, ఫోటో తీసి పర్మిట్ పంపించాడు. జనరేటర్ పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన పెడతా. జనరేటర్ ఎర్తింగుకి గొయ్యి గోడవారనే తవ్వించెయ్యొచ్చా?

విజయనగరం వైరింగ్:
గోడకి అయిదడుగులు వదులు. జనరేటర్ మాత్రం కొబ్బరిచెట్టు కింద వద్దు, గాలికి కాయలు నీ రేకు మీదే పడతాయి.